టవర్ ఉన్న విమానాశ్రయానికి తొలిసారి ఒంటరిగా: ఏమేమి చూసుకోవాలి?

మబ్బుతునక
శిక్షణలో ఉన్న పైలట్

నమస్కారం. నేను నేర్చుకుంటున్న చోట టవర్ (విమానాలకు రేడియోలో అనుమతులిచ్చే నియంత్రణ కేంద్రం) లేదు. ఎవరి స్థానం వాళ్లు రేడియోలో చెప్పుకుంటూ, మిగతా విమానాలను కళ్లతో వెతుక్కుంటూ దిగుతాం. త్వరలో సెస్నా 172 అనే చిన్న విమానంలో ఒంటరిగా దూర ప్రయాణం చేయాలి. దిగవలసిన విమానాశ్రయంలో టవర్ ఉంది. ఎయిర్‌బస్సులూ ఏటీఆర్‌లూ రోజంతా వచ్చి పోతుంటాయి.

ఆర్‌టీఆర్ (విమాన రేడియో వాడే అర్హత) పరీక్ష కోసం రేడియో మాటలన్నీ కంఠతా పట్టాను. నా బెంగ వాటి గురించి కాదు. కంట్రోలర్ గబగబా ఏదో చెప్పారు, నాకు సగమే అందింది అనుకోండి. అంతమంది కెప్టెన్లు వింటుండగా మళ్లీ అడగడానికి గొంతు పెగులుతుందా? పెద్దవాళ్లు ఒక మాట చెప్పాక ఎదురు ప్రశ్న వేయకూడదన్న పద్ధతిలో పెరిగినవాళ్లం కదా.

కొత్తవాళ్లు ఎక్కడ తడబడతారు, ప్రమాదం నిజంగా ఎక్కడ పొంచి ఉంటుంది, అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పండి.

కుడిసీటు
ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్

మబ్బుతునక గారూ, గాలిలో ఉన్నప్పటికన్నా చక్రాలు నేలమీద ఉన్నప్పుడే విద్యార్థులు ఎక్కువగా తికమకపడతారు. అందుకే ముందు నేల సంగతి చూసుకోండి.

ఏఐపీలో (అధికారిక విమానయాన సమాచార పుస్తకంలో) ఆ విమానాశ్రయం పటం ఉంటుంది. దాన్ని మీ చేత్తో కాగితం మీద ఒకసారి గీయండి. రన్‌వే ఏ దిక్కుకు ఉంది, ఏ టాక్సీవే (విమానాలు నేలమీద నడిచే దారి) ఎక్కడ కలుస్తుంది, ఏప్రాన్ (విమానాలు నిలిపే చోటు) ఏ వైపు, దిగాక బయటపడే దారి ఎడమనా కుడినా అన్నవి కళ్లు మూసుకున్నా కనిపించాలి. పటంలో హాట్‌స్పాట్ అని వలయం చుట్టి ఉంటే అది విమానాలు దారి తప్పే కూడలి. ఆ కూడలి పేరు గుర్తుంచుకోండి.

నోటమ్‌లను (పైలట్లకు ఇచ్చే తాజా హెచ్చరికలను) పైపైన చూసి వదిలేయకండి. 2000 అక్టోబరు 31 రాత్రి తైపేలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ 006 వెళ్లవలసింది 05 లెఫ్ట్ అనే రన్‌వే మీదకు. వానలో అది 05 రైట్ మీదకు తిరిగి టేకాఫ్ మొదలుపెట్టింది. ఆ రన్‌వే మరమ్మతుల కోసం కొంతమేర మూసి ఉంది, యంత్రాలు అక్కడే నిలబడి ఉన్నాయి. 83 మంది చనిపోయారు. 05 రైట్ మూసి ఉందన్న సంగతి సిబ్బందికి ముందే ఇచ్చిన కాగితాల్లో ఉంది.

విమానాశ్రయం ఎవరి చేతిలో ఉందో కూడా తెలుసుకోండి. విశాఖపట్నం నౌకాదళానిది, ఐఎన్‌ఎస్ డేగా. అక్కడ టవర్‌లో మాట్లాడేది నౌకాదళ కంట్రోలర్లే, సర్క్యూట్‌లో (దిగడానికి విమానాశ్రయం చుట్టూ తిరిగే దారిలో) వాళ్ల విమానాలూ హెలికాప్టర్లూ ఉంటాయి. గన్నవరం వంటి చోట్ల భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కంట్రోలర్లు ఉంటారు.

గాలిలోకి వెళ్లాక ఏటిస్ (విమానాశ్రయం తాజా వివరాలను రేడియోలో ఆగకుండా వినిపించే ప్రకటన) ఉంటే ముందు అది వినండి. వాడుకలో ఉన్న రన్‌వే, గాలి, క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపే పరికరంలో పెట్టవలసిన గాలి పీడనం), ఏటిస్ అక్షరం (ఆ ప్రకటనను గుర్తించే అక్షరం) రాసుకోండి. కంట్రోల్ జోన్ (టవర్ అదుపులోని గగనతలం) అంచుకు బాగా ముందే పిలవండి. మీరెవరు, ఎక్కడున్నారు, ఎంత ఎత్తులో ఉన్నారు, ఏటిస్ అక్షరం ఏది, మీకేం కావాలి అన్నవి చెబితే చాలు. లోపలికి రమ్మని అనుమతి వచ్చేవరకు బయటే ఏదో ఒక చెరువు మీదో కొండ పక్కనో చక్కర్లు కొట్టండి. వీఎఫ్‌ఆర్ (బయటికి కళ్లతో చూస్తూ నడిపే) ప్రయాణానికి జోన్‌లో దృశ్యత 5 కిలోమీటర్లు, మేఘాల అడుగు 1500 అడుగులు ఉండాలి. అంతకన్నా తగ్గితే ప్రత్యేక అనుమతి కావాలి. ఒంటరి విద్యార్థి ఆ జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం.

పసుపుగీత
శిక్షణలో ఉన్న పైలట్

నేనూ నేర్చుకుంటున్నాను. మా సీనియర్లు మాత్రం టవర్ ఉన్నచోటే సులువు అంటారు. వాళ్లకు పైనుంచి అంతా కనిపిస్తుంది, రాడార్ ఉంటుంది, ఎవరు ఎప్పుడు కదలాలో వాళ్లే చెబుతారు. చెప్పింది చెప్పినట్టు చేస్తే సరిపోదా? నాకు ఆ మాట సబబుగానే అనిపిస్తోంది.

టవర్‌గది
విశ్రాంత ఏటీసీ (విమాన రాకపోకల నియంత్రణ) అధికారి

పసుపుగీత గారూ, ఆ మాటను నేను ఒప్పుకోలేను. ఉద్యోగ జీవితమంతా టవర్‌లో గడిపినవాడిగా చెబుతున్నాను, అక్కడినుంచి అంతా కనిపించదు. రాత్రిపూట దీపాల వరుసల మధ్య చిన్న విమానం కలిసిపోతుంది. టెర్మినల్ అడ్డం వస్తుంది. పొగమంచు కమ్మితే మాకు మిగిలేది మీ మాట ఒక్కటే. మీరు ఎక్కడున్నామని చెబితే అక్కడున్నారని మేము నమ్ముతాం.

2001 అక్టోబరు 8న మిలాన్ లినాటేలో అదే జరిగింది. దట్టమైన పొగమంచు. చిన్న సెస్నా సైటేషన్‌ను ఆర్5 టాక్సీవే మీదుగా వెళ్లమన్నారు, అది ఆర్6లోకి తిరిగింది. దారిలో నేలమీద ఎస్4 అన్న గుర్తు కనిపిస్తే పైలట్ అదే చెప్పాడు. అలాంటి గుర్తు ఒకటుందని కంట్రోలర్‌కు తెలియదు, అతని పటంలో అది లేదు. ఆ మాట దగ్గర ఇద్దరిలో ఎవరు ఆగి ఉన్నా సరిపోయేది. సెస్నా నేరుగా రన్‌వే మీదకు వెళ్లింది, అప్పటికే ఎస్‌ఏఎస్ సంస్థ ప్రయాణికుల విమానం ఎండీ-87 దాని మీద టేకాఫ్ పరుగు తీస్తోంది. 118 మంది పోయారు. ఆ ఉదయం నేలమీది కదలికలు చూపే రాడార్ పనిచేసే స్థితిలో లేదు.

టవర్ అంతా సరిగ్గా చెప్పినా కాపాడలేని సందర్భాలూ ఉన్నాయి. 2006 ఆగస్టు 27న అమెరికాలోని లెక్సింగ్టన్‌లో, ఇంకా తెల్లవారకముందు, కామ్‌ఎయిర్ 5191కు రన్‌వే 22 మీద అనుమతి ఇచ్చారు. సిబ్బంది 26 మీద నిలబడ్డారు. అది చిన్న విమానాల రన్‌వే, పొడవు దాదాపు 3500 అడుగులే, దీపాలు లేవు. టవర్‌లో ఉన్నది ఒకే ఒక కంట్రోలర్. అనుమతి ఇచ్చాక వేరే పని చూసుకోవడానికి అటు తిరిగాడు. విమానంలోని 50 మందిలో 49 మంది చనిపోయారు. రన్‌వే సంఖ్య అంటే దాని దిక్కే కదా, 22 అంటే దాదాపు 220 డిగ్రీలు. దిక్సూచి 220 చూపవలసిన చోట 260 చూపుతోంది. ఒక్కసారి దాని వైపు చూసి ఉంటే చాలు.

కాబట్టి రన్‌వే మీద నిలబడగానే నేలమీది సంఖ్య, దిక్సూచి, మీకు ఇచ్చిన అనుమతి, మూడూ కలిశాయా అని చూడండి. కలవకపోతే థ్రాటిల్ (ఇంజిన్ శక్తి పెంచే మీట) మీద చెయ్యి వేయకండి.

నీలిదారి
ఎయిర్‌లైన్ ఫస్ట్ ఆఫీసర్

టవర్‌గది గారు చెప్పినదానికి రేడియో సంగతి జోడిస్తాను, ఎందుకంటే మబ్బుతునక గారి అసలు బెంగ అదే.

1977 మార్చి 27, కానరీ దీవుల్లో టెనెరిఫే. బాంబు పేలుడు వల్ల పక్క దీవిలోని లాస్ పాల్మాస్ విమానాశ్రయం మూసేశారు. పెద్ద విమానాలన్నీ లాస్ రోడియోస్ అనే చిన్న విమానాశ్రయంలో ఇరుక్కున్నాయి. పొగమంచు. కేఎల్‌ఎమ్ 747 రన్‌వే చివర నిలబడి ఉంది, పాన్ ఆమ్ 747 అదే రన్‌వే మీద దాని వైపే టాక్సీ చేస్తూ వస్తోంది. కేఎల్‌ఎమ్‌కు ఇచ్చింది టేకాఫ్ తర్వాత ఏ దారిన వెళ్లాలన్న అనుమతి. టేకాఫ్‌కు అనుమతి ఇంకా ఇవ్వలేదు. కో-పైలట్ దాన్ని తిరిగి చదివి, తాము టేకాఫ్‌లో ఉన్నామన్న అర్థం వచ్చే అస్పష్టమైన మాట ఒకటి కలిపాడు. కంట్రోలర్ ముందు 'ఓకే' అన్నాడు. ఆగమని అతను చెప్పిన తర్వాతి మాట, ఇంకా రన్‌వే మీదే ఉన్నామన్న పాన్ ఆమ్ మాట ఒకే క్షణంలో వచ్చి ఢీకొన్నాయి. కేఎల్‌ఎమ్ కాక్‌పిట్‌లో కీచుమన్న శబ్దం తప్ప స్పష్టంగా ఏమీ వినిపించలేదు.

ఇంకొక సంగతి ఉంది, నన్ను అన్నిటికన్నా కలచివేసేది అదే. వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజినీరుకు అనుమానం వచ్చింది. పాన్ ఆమ్ ఇంకా పక్కకు తప్పుకోలేదా అని అడిగాడు. కెప్టెన్ తప్పుకుందని గట్టిగా అన్నాడు. ఆయన ఆ సంస్థలో ఎంతో పేరున్న సీనియర్. ఇంజినీరు మళ్లీ అడగలేదు. రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు.

'టేకాఫ్' అన్న మాటను అసలు టేకాఫ్ అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదన్న నియమం ఆ తర్వాతే గట్టిపడింది. మిగతా సందర్భాల్లో 'డిపార్చర్' అంటాం. మీరు కూడా రన్‌వే దగ్గర 'సిద్ధంగా ఉన్నాను' అని చెప్పేటప్పుడు డిపార్చర్‌కు అనండి.

మన విమాన రేడియో ఏఎమ్ పద్ధతిలో 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇద్దరి మాటా పాడవుతుంది. మాట్లాడే మీట నొక్కేముందు ఒక క్షణం వినండి. కీచు శబ్దం వినిపిస్తే ఏదో మాట పోయిందని అర్థం, అది మీకు సంబంధించినదేనేమో అడగండి.

మబ్బుతునక

నీలిదారి గారూ, ఆ ఫ్లైట్ ఇంజినీరు సంగతి చదివి కాసేపు ఆలోచనలో పడిపోయాను. అడిగాడు కానీ, గట్టి సమాధానం రాగానే ఆగిపోయాడు.

ఒక సందేహం. ఏవేవి తప్పకుండా తిరిగి చెప్పాలి? పరీక్ష పుస్తకంలో పెద్ద జాబితా ఉంది. పైగా 2024 జనవరిలో జపాన్‌లోని హనేడా ప్రమాదంలో రీడ్‌బ్యాక్ (విన్న సూచనను తిరిగి చెప్పడం) సరిగానే ఇచ్చినా ప్రమాదం జరిగిందని విన్నాను. అదెలా?

టవర్‌గది

రన్‌వేకు సంబంధించిన ప్రతి మాటా తిరిగి చెప్పాలి. ప్రవేశించడం, దాటడం, దాని ముందు ఆగడం, దిగడం, ఎగరడం, రన్‌వే మీదే ఎదురు దిశలో నడపడం, అన్నీ. ఏ రన్‌వేనో ఆ సంఖ్యతో సహా చెప్పాలి. దారి అనుమతి, క్యూఎన్‌హెచ్, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు విమానం గుర్తు తెలిపే పరికరం) కోడ్, ఎత్తు, దిక్కు, వేగం కూడా అంతే. చివర మీ కాల్‌సైన్ (రేడియోలో మీ విమానం పేరు). 'రోజర్' అన్నా 'ఓకే' అన్నా మీరు ఏమి అర్థం చేసుకున్నారో నాకు తెలియదు, తెలియనప్పుడు నేను తప్పు దిద్దలేను.

హనేడాలో జనవరి 2న జరిగింది మీరన్నట్టే. తీర రక్షక దళం విమానాన్ని సీ5 హోల్డింగ్ పాయింట్ (రన్‌వే ముందు ఆగే చోటు) వరకు వెళ్లమన్నారు, వరుసలో మొదటి స్థానమని చెప్పారు. అది తిరిగి చెప్పింది కూడా. కానీ కాక్‌పిట్‌లో దాన్ని రన్‌వే మీదకు వెళ్లడానికి అనుమతిగా తీసుకున్నారు. భూకంప బాధితులకు సామగ్రి చేరవేసే తొందర ఒకవైపు. విమానం రన్‌వే మీద దాదాపు 40 సెకన్లు నిలబడి ఉన్నా టవర్ గమనించలేదు. జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 దాని మీదే దిగింది. పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు, చిన్న విమానంలో అయిదుగురు పోయారు. ఆ తర్వాత జపాన్‌లో వరుస సంఖ్య చెప్పడాన్ని కొంతకాలం ఆపేశారు.

రీడ్‌బ్యాక్‌లో మాట సరిగా ఉన్నా మనసులో వేరే అర్థం ఉండవచ్చు. అందుకే నా సలహా ఇది. రన్‌వే గీత దగ్గరకు రాగానే మీకు మీరే పైకి ప్రశ్న వేసుకోండి: "ఈ గీత దాటమని నాకు ఎవరు, ఏ మాటలతో చెప్పారు?" కచ్చితమైన మాటలు గుర్తు రాకపోతే ఆగి అడగండి. మీ మోకాలి పలక (కాలికి కట్టుకునే రాత పలక) మీద రాసుకున్నది మీకు సాక్ష్యం.

కుడిసీటు

గీత అన్నారు కాబట్టి దాని రూపం కూడా చెబుతాను, టవర్ లేని చిన్న రన్‌వేల వంటి చోట్ల నేర్చుకునేవాళ్లు దాన్ని చూసి ఉండరు. టాక్సీవేకు అడ్డంగా నాలుగు పసుపు గీతలు ఉంటాయి. మీ వైపు రెండు నిండు గీతలు, రన్‌వే వైపు రెండు తెగిన గీతలు. నిండు గీతలు ఎదురైతే అనుమతి లేకుండా దాటకూడదు. పక్కన ఎర్ర బోర్డు మీద తెల్ల అంకెలు ఉంటాయి, అది రన్‌వే సంఖ్య. నల్ల బోర్డు మీద పసుపు అక్షరం మీరు ఇప్పుడున్న టాక్సీవే పేరు. పసుపు బోర్డు మీద నల్ల అక్షరం మీరు వెళ్లగలిగిన దారి. కొన్నిచోట్ల అడ్డంగా ఎర్ర దీపాల స్టాప్ బార్ వెలుగుతుంది. రేడియోలో అనుమతి వచ్చినా అది వెలుగుతూ ఉంటే దాటకండి, దీపం వెలుగుతోందని టవర్‌కు చెప్పండి.

టాక్సీ చేస్తున్నప్పుడు చెక్‌లిస్టు చదవకండి, తల దించకండి. ఏదైనా చదవాలంటే విమానం ఆపి చదవండి.

డాలస్172
ప్రైవేట్ పైలట్, అమెరికా

నేను టెక్సస్‌లో ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో ఎగురుతుంటాను, మా విమానాశ్రయంలో టవర్ ఉంది. ఇక్కడికి వచ్చి లైసెన్సు తీసుకునే మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి తేడాలు చెబుతాను.

ఇక్కడ క్లాస్ డి (టవర్ ఉన్న చిన్న విమానాశ్రయాల చుట్టూ ఉండే గగనతలం) లోకి ప్రవేశించడానికి విడిగా అనుమతి అక్కరలేదు, టవర్‌తో మాట కలిస్తే చాలు. మన కాల్‌సైన్ పలికి ఆగమన్నా మాట కలిసినట్టే. కాల్‌సైన్ పలకకుండా 'పిలిచినవారు ఆగండి' అంటే మాత్రం కలిసినట్టు కాదు, బయటే ఉండాలి. క్లాస్ బి (బాగా రద్దీ ఉన్న పెద్ద విమానాశ్రయాల చుట్టూ ఉండే గగనతలం) లోకి మాత్రం స్పష్టమైన అనుమతి వినాలి.

2010 జూన్ 30కి ముందు ఇక్కడ ఒక రన్‌వేకు టాక్సీ అనుమతి ఇస్తే దారిలో వచ్చే ఇతర రన్‌వేలను దాటే అనుమతి అందులోనే ఉన్నట్టు లెక్క. ఆ రోజునుంచి ప్రతి రన్‌వేకూ విడిగా చెప్పాలి. అదే ఏడాది సెప్టెంబరు 30నుంచి రన్‌వే మీదకు వెళ్లి వేచి ఉండమనడానికి 'లైనప్ అండ్ వెయిట్' అన్న అంతర్జాతీయ మాటనే వాడుతున్నారు.

ఆ వేచి ఉండడం గురించి ఒక హెచ్చరిక. 1991 ఫిబ్రవరి 1 సాయంత్రం లాస్ ఏంజెలస్‌లో స్కైవెస్ట్ చిన్న విమానాన్ని మధ్య కూడలి నుంచి రన్‌వే మీదకు పంపి ఆగమన్నారు. కంట్రోలర్ ఒత్తిడిలో ఆ విమానాన్ని మరిచిపోయి, అదే రన్‌వే మీద యూఎస్‌ఎయిర్ 737కు దిగే అనుమతి ఇచ్చింది. ముందున్న విమానం తోక దీపాలు రన్‌వే దీపాల్లో కలిసిపోయాయి, 737 దాన్ని ఢీకొంది. ఇక్కడి పైలట్లకు ఇచ్చే సలహా ఏమిటంటే, రన్‌వే మీద నిలబెట్టి ఒకటిన్నర నిమిషం దాటినా పిలుపు రాకపోతే మీరే టవర్‌ను పిలవండి, ఇంకా ఇక్కడే ఉన్నామని చెప్పండి. వేచి ఉండగా మరొకరికి అదే రన్‌వే మీద దిగే అనుమతి వినిపిస్తే క్షణం కూడా ఆలోచించకుండా టవర్‌ను పిలవండి.

ఇంకో తేడా. ఇక్కడ ముందు రెండు విమానాలు ఉన్నా, మీరు వరుసలో మూడో వారంటూ ముందుగానే దిగే అనుమతి ఇస్తారు. భారతదేశంలో సాధారణంగా రన్‌వే ఖాళీ అయ్యాకే ఇస్తారు. అందుకని అక్కడ ఫైనల్‌లో (రన్‌వేకు సూటిగా దిగివచ్చే చివరి దశలో) అనుమతి ఆలస్యంగా వస్తే కంగారు పడకండి, కానీ అనుమతి లేకుండా చక్రాలు ఆనించకండి. గో అరౌండ్ చేయండి, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవండి.

ఏప్రాన్‌బండి
విమానాశ్రయ ఎయిర్‌సైడ్ సిబ్బంది

మా వైపు నుంచి కొన్ని మాటలు. చిన్న విమానాల వాళ్లు రన్‌వే గురించి ఎంతో చదివి వస్తారు, ఏప్రాన్ గురించి పట్టించుకోరు.

విమానం మీద ఎర్రగా మెరిసే బీకన్ దీపం వెలుగుతుంటే ఇంజిన్ నడుస్తోందనో నడవబోతోందనో మాకు అర్థం, దగ్గరకు రాము. మీరు ఇంజిన్ ఆపాక దాన్ని ఆర్పకపోతే మేము చక్రాలకు చాక్‌లు (కదలకుండా పెట్టే అడ్డు దిమ్మెలు) పెట్టలేం, ఆపకముందే ఆర్పితే మనుషులు ప్రొపెల్లర్ దగ్గరకు వచ్చే ప్రమాదం ఉంది.

ఏ320 (ఎయిర్‌బస్ ప్రయాణికుల విమానం) వెనకనుంచి వెళ్లేటప్పుడు దాని బీకన్ వెలుగుతోందా చూడండి. అది కదలడానికి థ్రాటిల్ పెంచితే దాని ఇంజిన్ గాలి సెస్నాను తిప్పి పడేయగలదు. ఆగి గ్రౌండ్ కంట్రోల్‌ను (నేలమీది కదలికలు చూసే కంట్రోలర్‌ను) అడగండి, అవసరమైతే కొద్దిసేపు ఆపుతారు.

రన్‌వే తనిఖీ జీపులు కూడా టవర్ అనుమతితోనే లోపలికి వెళతాయి. చాలాచోట్ల వాటి రేడియో వేరు, మీకు వినిపించదు. కాబట్టి రేడియోలో నిశ్శబ్దంగా ఉందంటే రన్‌వే ఖాళీగా ఉందని కాదు, కళ్లతో చూడండి.

దారి తెలియకపోతే ముందు నడిచి దారి చూపే ఫాలో మీ బండి అడగండి. మేము ఉన్నదే అందుకు.

పసుపుగీత

టవర్‌గది గారూ, మీ సమాధానం చదివాక నా ఆలోచన మారింది. ఇంకొక ప్రశ్న. చిన్న విమానం కదా అని మధ్య కూడలి నుంచే ఎగరమంటారట, త్వరగా వెళ్లమంటారట. ముందు ఏ320 అప్పుడే ఎగిరి ఉంటే ఏం చేయాలి?

కుడిసీటు

పెద్ద విమానం రెక్కల చివరల నుంచి సుడిగాలులు బయలుదేరి నెమ్మదిగా కిందికి దిగుతాయి. కంటికి కనిపించవు. ఏ320 మధ్యస్థ తరగతి, సెస్నా తేలిక తరగతి. ఒకే చోటునుంచి ఎగిరితే 2 నిమిషాల ఎడం, మీరు రన్‌వే మధ్యనుంచి ఎగిరితే 3 నిమిషాలు. దిగేటప్పుడు దాని వెనక 3 నిమిషాలు. అది నేల విడిచిన చోటుకు ముందే మీరు లేవాలి, దాని దారికన్నా పైనే ఉండాలి. దిగేటప్పుడు అది చక్రాలు ఆనించిన చోటు దాటాక మీరు ఆనించాలి.

వీఎఫ్‌ఆర్‌లో మీరు ముందు విమానం కనిపిస్తోందని, దాని వెనకే వస్తానని ఒప్పుకుంటే ఎడం చూసుకునే బాధ్యత మీదవుతుంది. కాబట్టి ఆలోచించి ఒప్పుకోండి. మధ్య కూడలి వద్దనుకుంటే పూర్తి పొడవు కావాలని అడగండి. విద్యార్థికి పూర్తి పొడవే మంచిదని నా నమ్మకం, రెండు నిమిషాలు ఆలస్యమైనా.

మబ్బుతునక

అడగండి, వద్దనండి అని అందరూ అంటున్నారు. టవర్‌కు 'కుదరదు' అని ఒక విద్యార్థి చెప్పవచ్చా? నిజంగా?

టవర్‌గది

చెప్పవచ్చు, చెప్పి తీరాలి. విమానం భద్రతకు చివరి బాధ్యత మీది. 'అన్‌ఏబుల్' అన్న మాట నిబంధనల్లో ఉన్నదే అందుకు. ఆ మాట విన్న కంట్రోలర్ చిన్నబుచ్చుకోడు, వేరే దారి చూస్తాడు, అది అతని పని. తొలి పిలుపులోనే మీరు సోలో విద్యార్థి అని చెప్పండి, నెమ్మదిగా మాట్లాడతారు.

మీ మొదటి పోస్టులో పెద్దవాళ్లకు ఎదురు చెప్పని అలవాటు గురించి రాశారు. దానికి జవాబుగా ఒక సంఘటన చెబుతాను. 1990 జనవరి 25 రాత్రి న్యూయార్క్‌లో వాతావరణం బాగా లేదు. కొలంబియా నుంచి వచ్చిన ఏవియాంకా 52ను గంటకు పైగా గాలిలోనే తిప్పారు. ఇంధనం అయిపోతోంది. సిబ్బంది తమకు ప్రాధాన్యం కావాలని అన్నారు, ఇంధనం తగ్గుతోందని అన్నారు, కానీ అత్యవసర పరిస్థితి అని ప్రకటించలేదు. మొదటి ప్రయత్నంలో దిగలేకపోయారు. మళ్లీ తిరిగి వచ్చేలోగా ఇంజిన్లు ఆగిపోయి లాంగ్ ఐలాండ్ మీద కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. కంట్రోలర్ల చెవిన పడింది ఒక వినతి. ఆ మాటల్లోని మర్యాద వెనక ఎంత ఆపద ఉందో వాళ్లకు అందలేదు.

ఆపద ఉంటే మేడే మూడుసార్లు, ఆపద కాకపోయినా తొందర ఉంటే పాన్ పాన్ మూడుసార్లు. ట్రాన్స్‌పాండర్ 7700. ఇందులో మొహమాటానికి చోటు లేదు. ఇక మళ్లీ చెప్పమని అడగడమా? ఒక మాటను రెండోసారి చెప్పడానికి మాకు మూడు సెకన్లు పడుతుంది. తప్పుగా విన్న విమానాన్ని దారికి తేవడానికి మొత్తం ఫ్రీక్వెన్సీ ఆగిపోతుంది. అడిగే పైలట్ ఉన్నాడంటే కంట్రోలర్‌కు ధైర్యంగా ఉంటుంది.

నీలిదారి

మా వైపు నుంచి కూడా చెబుతాను. ఫ్రీక్వెన్సీలో విద్యార్థి గొంతు వినిపిస్తే మేము విసుక్కోము, మా మాటలు కుదించుకుంటాం. మీ వెనక ఫైనల్‌లో ఉన్న ఎయిర్‌బస్‌లో నూట ఎనభై మంది ఉండవచ్చు. మీరు అర్థం కాకుండా 'సరే' అనడం మాకు ఎంతమాత్రం క్షేమం కాదు.

కాల్‌సైన్ జాగ్రత్త. ఒకే శిక్షణ సంస్థ విమానాలకు చివరి అక్షరం ఒకటే తేడా ఉండవచ్చు. టవర్ కుదించి పిలిచేవరకు మీరు పూర్తి పేరే వాడండి. సూచన మీకా పక్కవారికా అన్న అనుమానం వస్తే కదలకుండా అడగండి.

పసుపుగీత

చివరిగా, రేడియో పూర్తిగా పోతే? సర్క్యూట్‌లో ఉండగా?

డాలస్172

ముందు శబ్దం మీట, ఫ్రీక్వెన్సీ, హెడ్‌సెట్ తీగ చూడండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. రెండో రేడియో ప్రయత్నించండి. నిజంగా పోతే ట్రాన్స్‌పాండర్‌లో 7600 పెట్టి, మిగతా విమానాలను చూసుకుంటూ టవర్ వైపు గమనించండి, లైట్ గన్‌తో సంకేతాలు ఇస్తారు. గాలిలో ఉన్నప్పుడు నిలకడ ఆకుపచ్చ అంటే దిగవచ్చు. నిలకడ ఎరుపు అంటే ఇతరులకు దారి ఇచ్చి చక్కర్లు కొట్టండి. మెరిసే ఆకుపచ్చ అంటే దిగడానికి తిరిగి రండి, దిగే అనుమతి తర్వాత వస్తుంది. మెరిసే ఎరుపు అంటే విమానాశ్రయం సురక్షితం కాదు, దిగవద్దు. పగలైతే రెక్కలు ఊపి, రాత్రయితే ల్యాండింగ్ దీపం రెండుసార్లు మెరిపించి చూశామని తెలపాలి.

కుడిసీటు

నేలమీద ఆ సంకేతాలకు అర్థం వేరు, కలపకండి. నిలకడ ఆకుపచ్చ టేకాఫ్‌కు, మెరిసే ఆకుపచ్చ టాక్సీకి. నిలకడ ఎరుపు ఆగమని, మెరిసే ఎరుపు రన్‌వే నుంచి తప్పుకోమని, మెరిసే తెలుపు బయలుదేరిన చోటికి వెళ్లమని. అట్ట మీద రాసి మోకాలి పలకకు అంటించుకోండి, ఆ సమయంలో గుర్తుకు రావు.

మబ్బుతునక గారూ, దిగాక ఒకటి. రన్‌వే నుంచి బయటపడేటప్పుడు ముందు తెగిన గీతలు, తర్వాత నిండు గీతలు వస్తాయి. తోకతో సహా నిండు గీతలు దాటాకే ఆగండి, అప్పుడే రన్‌వే ఖాళీ అయినట్టు. టవర్ చెప్పేవరకు గ్రౌండ్ ఫ్రీక్వెన్సీకి మారకండి. తిరుగు ప్రయాణానికి ఎఫ్‌ఐసీ (విమాన సమాచార కేంద్రం), ఏడీసీ (వైమానిక రక్షణ అనుమతి) నంబర్లు విడిగా తీసుకోవాలి, ఇంధనం నింపించే ముందే ఆ పని మొదలుపెట్టండి. ఆలస్యమైతే సూర్యాస్తమయం దగ్గరపడుతుంది. అలాంటప్పుడు బయలుదేరకండి, ఫోను చేయండి, రాత్రికి అక్కడే ఉండిపోవచ్చు.